పడకనే తడుపుకునే కుక్కపిల్లకు మూత్రం అలవాటు నేర్పడం: మొదటి రోజు నుంచి పాటించవలసిన క్రమం

హాల్లోనో, వంటింటి గుమ్మం దగ్గరో మూత్రం పోసే కుక్కపిల్లకు అలవాటు నేర్పే పద్ధతి చాలామందికి తెలిసిందే. తాను పడుకునే చోటే పోసుకుని ఆ తడిలోనే ముడుచుకుని పడుకునే పిల్ల విషయంలో మాత్రం ఆ పద్ధతి యథాతథంగా పనికిరాదు. కుక్క తన పడకను పాడుచేసుకోదన్న ఒక్క నమ్మకం మీదే మామూలు శిక్షణ అంతా నడుస్తుంది. కుక్కపిల్లలు సుమారు 3 వారాల వయసులోనే తల్లి పక్కనుంచి కాస్త దూరం జరిగి మూత్రం పోయడం మొదలుపెడతాయి కాబట్టి ఆ నమ్మకం సబబైనదే. మీ ఇంటి పిల్లలో ఆ గుణం ఏదో కారణంగా మరుగున పడి ఉండాలి, లేదా దాని శరీరం సహకరించక అయినా ఉండాలి.

అందువల్ల ఇక్కడ పని క్రమం వేరు. ముందు శరీరం సంగతి తేల్చుకోవాలి. తర్వాత మెత్తటి పడక తీసేసి, దానితో ఏ పోలికా లేని చోటును మూత్రానికి అలవాటు చేయాలి. పడకను చిట్టచివర తిరిగి ఇవ్వాలి. చాలా ఇళ్లలో దీనికి తిరగేసి చేస్తారు: పడక తడిసిన ప్రతిసారీ దానికంటే మెత్తటిది, దళసరిది కొని తెస్తారు, సమస్య ముదురుతుంది.

1. ముందు తడిని పరిశీలించండి

పడకను ఉతకడానికి వేసేముందు ఒక్క నిమిషం ఆగి తడి ఎక్కడుంది, ఎంత ఉంది, పిల్ల ఏ స్థితిలో ఉంది అనేది చూడండి. మూత్రం కావాలని పోయడానికీ, తెలియకుండా కారిపోవడానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

పిల్ల లేచి, పడకను మూతితో వాసన చూసి, ఒకటి రెండు చుట్లు తిరిగి, వెనక కాళ్లు వంచి కూర్చుని పోసిందంటే అది పోయడం. అప్పుడు తడి పెద్ద మడుగుగా, ఒకే చోట, తరచుగా పడక అంచు వైపు ఉంటుంది. పోశాక పిల్ల పొడిగా ఉన్న వైపుకు జరుగుతుంది, లేదా పడక దిగి చల్లటి నేల మీద పడుకుంటుంది.

గాఢనిద్రలో ఉండగానే నడుము కింద అరచేయంత తడి కనిపించి, లేపితే దానికే తెలియనట్లు ఒళ్లు విరుచుకుని నడిచివెళ్లిపోతే, తోక మొదట్లో, తొడల లోపలి వైపు వెంట్రుకలు ఎప్పుడూ జిగటగా, వాసనగా ఉంటే అది కారడం. శిక్షణతో కారడం ఆగదు. అది వైద్యుడు చూడవలసిన విషయం.

అనుమానంగా ఉంటే, పిల్ల నిద్రపోగానే నడుము కింద లేతరంగు పాత నూలు గుడ్డ పరిచి, ప్రతి అరగంటకు ఒకసారి చేత్తో తాకి చూడండి. గుడ్డ కొద్దికొద్దిగా తడుస్తూ వస్తే కారడం. గంటలకొద్దీ పొడిగా ఉండి ఒక్కసారిగా మొత్తం తడిస్తే పోయడం.

2. వైద్యుడిని కలవాల్సిన సందర్భాలు

ఈ దశను దాటవేసి నెలల తరబడి శిక్షణ పేరుతో తిప్పలు పడేవారున్నారు. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా శిక్షణ మొదలుపెట్టకముందే పశువైద్యుడికి చూపించండి:

- నిద్రలో లేదా నడుస్తుండగా మూత్రం చుక్కలుగా కారడం
- గంటలో నాలుగైదుసార్లు కూర్చుని ప్రతిసారీ కొద్దికొద్దిగానే పోయడం
- మూత్రంలో ఎరుపు, చిక్కటి మసక, మామూలుకు భిన్నమైన దుర్వాసన
- పోసేటప్పుడు మూలగడం, పోశాక ఆ భాగాన్ని ఆపకుండా నాకడం
- రోజుకు కిలో బరువుకు 100 మి.లీ. కంటే ఎక్కువ నీళ్లు తాగడం
- అప్పటిదాకా పొడిగా ఉన్న పిల్ల ఉన్నట్టుండి పడక తడపడం

పిల్ల పదేపదే ముక్కుతూ కూర్చుంటున్నా ఒక్క చుక్క కూడా రాకపోతే అది అత్యవసరం. అటువంటప్పుడు మరునాటి దాకా ఆగకూడదు.

చిన్న కుక్కపిల్లల్లో, ముఖ్యంగా ఆడవాటిలో, మూత్రాశయంలో ఇన్ఫెక్షన్ తరచుగా కనిపిస్తుంది. ఇది పరీక్షతో తేలుతుంది, మందులతో నయమవుతుంది. మందు మొదలుపెట్టిన రెండో రోజుకే పడక పొడిగా ఉందని ఆపేయకుండా, వైద్యుడు చెప్పినన్ని రోజులూ వాడండి. పుట్టుకతో వచ్చే మరో లోపం ఉంది. మూత్రపిండం నుంచి వచ్చే నాళం మూత్రాశయంలోకి చేరవలసిన చోట కాకుండా ఇంకా కిందకు వెళ్లి కలుస్తుంది, దానితో మూత్రం నిల్వ ఉండకుండా కారుతూనే ఉంటుంది. ఇది ఆడ కుక్కపిల్లల్లో ఎక్కువ. మన నగరాల్లో బాగా పెంచే లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, సైబీరియన్ హస్కీ జాతుల్లో ఈ లోపం వచ్చే అవకాశం మిగతావాటికంటే ఎక్కువ. దీన్ని నిర్ధారించడానికి స్కానింగ్ వంటి పరీక్షలు కావాలి. దగ్గరలోని ఆసుపత్రిలో ఆ సౌకర్యం లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులలో విచారించవచ్చు.

దురదకు స్టెరాయిడ్ మందు వాడుతున్న పిల్ల విపరీతంగా నీళ్లు తాగుతుంది, అంతే విపరీతంగా పోస్తుంది. వాడుతున్న మందులన్నీ వైద్యుడికి చెప్పండి. మందు మీకు మీరే ఆపకండి.

మూత్రం నమూనా పట్టుకోవడానికి సులువైన మార్గం పొడవు పిడి ఉన్న శుభ్రమైన స్టీలు గరిటె. ఉదయం మొదటిసారి పోసేటప్పుడు, పిల్ల పోయడం మొదలయ్యాక వెనకనుంచి గరిటెను నెమ్మదిగా కిందకు జరిపి పట్టుకుని, మందుల దుకాణంలో దొరికే మూతగల చిన్న డబ్బాలో పోయండి. గంటలోపు ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో ఉంచి, వీలైనంత త్వరగా అదే రోజు ఇవ్వండి. నేల మీద పడినదాన్ని ఎత్తి ఇస్తే పరీక్షకు పనికిరాదు.

3. శరీరం బాగుంటే కారణం ఇంట్లో వెతకండి

వైద్యుడు ఆరోగ్యంగానే ఉందని చెప్పాక మిగిలే కారణాలు ఐదారే.

మొదటిది, పిల్ల ఇంటికి రాకముందు బతికిన తీరు. ఇరుకు బోనులో, తడిసిన గోనెపట్టా మీద వారాల తరబడి ఉన్న పిల్లకు పడకకూ మూత్రం పోసే చోటుకూ తేడా చెరిగిపోతుంది. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నా, నెల దాటీదాటని పిల్లలను అమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. అంత చిన్నపిల్ల పడక తడపడం లోపం కాదు, వయసు.

రెండోది, కట్టేయడం. వరండాలో స్తంభానికి రెండు మూరల గొలుసుతో కట్టి, గొలుసు అందేంత మేరలోనే పడక వేస్తే పిల్లకు వేరే దారి ఏముంది? మొదట ఏడుస్తుంది, అరుస్తుంది, ఆపుకోలేక అక్కడే పోస్తుంది. వారం గడిచేసరికి ఏడవడం కూడా మానేస్తుంది. దానిని చూసి సర్దుకుంది అనుకుంటారు.

మూడోది కాలికింది స్పర్శ. సుమారు 8, 9 వారాల వయసుకల్లా కుక్కపిల్లకు మూత్రం పోయడానికి ఎలాంటి నేల కావాలో ఒక ఇష్టం ఏర్పడుతుంది. దానికి గుడ్డ మీదనో, దూది నింపిన ప్యాడ్ మీదనో అలవాటైతే, మీరు ఇచ్చిన మెత్తటి పరుపు దాని దృష్టిలో మరింత పెద్ద ప్యాడ్. దీనికి తోడు మన ఇళ్లలోని నున్నటి టైల్స్, గ్రానైట్ మీద చిన్నపిల్లలకు వెనక కాళ్లు జారిపోతాయి. కూర్చోవడానికి పట్టు దొరికే చోటు ఇల్లంతటికీ పడక ఒక్కటే అయినప్పుడు అక్కడికే వెళ్లి పోసే పిల్లలున్నాయి.

మిగిలినవి: పడక మరీ పెద్దదిగా ఉండి ఒక మూల పోసి మరో మూల పడుకునే వీలుండడం, పాత వాసన పోకపోవడం, భయం.

4. సిద్ధం చేసుకోవలసినవి

- పాత నూలు చీరలు లేదా దుప్పట్లు చించిన పలచటి గుడ్డలు, కనీసం ఎనిమిది పది
- అడుగున పరచడానికి రబ్బరు షీటు (చంటిపిల్లల పక్కకు వాడేది)
- ఎంజైములతో పనిచేసే పెంపుడు జంతువుల మూత్రం క్లీనర్
- తెల్ల వెనిగర్
- తేలికైన పట్టీ, తాడు
- చిటికెడంత ముక్కలుగా తుంచిన ఉడికిన కోడిమాంసం లేదా పిల్ల ఇష్టపడే మరేదైనా బహుమతి, మూతగల చిన్న డబ్బాలో
- ఫోనులో అలారం, ఒక నోటుపుస్తకం

పనికి బయటకు వెళ్లే ఇంట్లో అయితే మొదటి 10 రోజులు ఎవరో ఒకరు పగలంతా ఇంట్లో ఉండేలా చూసుకోండి. పిల్ల ఒంటరిగా ఎనిమిది గంటలు ఉండే ఇంట్లో ఏ పద్ధతీ పనిచేయదు.

5. పాత వాసన పూర్తిగా తీసేయండి

మనకు వాసన రానంత మాత్రాన కుక్కకు రాదనుకోకూడదు. తడిసిన వెంటనే పొడి గుడ్డతో రుద్దకుండా, అదిమి పీల్చేలా చేయండి. రుద్దితే మూత్రం లోపలికి ఇంకుతుంది. తర్వాత సబ్బునీటితో కడిగి, వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి తుడిచి, ఆరాక ఎంజైమ్ క్లీనర్ వేసి డబ్బా మీద రాసినంత సేపు వదిలేయండి. వేసిన నిమిషానికే తుడిచేస్తే ఎంజైములకు పనిచేసే సమయం దొరకదు.

ఫినైల్ వాడకండి. అది మూత్రం వాసనను కప్పుతుందే కాని తొలగించదు, పైగా పాదాలు నాకే పిల్లకు మంచిది కాదు. మూత్రం మీద బ్లీచింగ్ పౌడర్ చల్లితే ఘాటైన హానికర వాయువులు వస్తాయి. అమ్మోనియా ఉన్న క్లీనర్లు మూత్రం వాసననే గుర్తుచేస్తాయి.

గుడ్డలను ముందు చల్లటి నీళ్లలో జాడించి, తర్వాత డిటర్జెంటుతో ఉతికి ఎండలో ఆరేయండి. లోపల స్పాంజి ఉన్న పరుపు ఒకసారి బాగా నానిందంటే దాన్ని కాపాడాలని చూడకండి. పైతొడుగు ఎన్నిసార్లు ఉతికినా వాసన స్పాంజిలో ఉండిపోతుంది. ఆ పరుపు పారేయడమే చవక.

6. పడక తీసేయండి

ఇంట్లోవారికి అన్నిటికంటే కష్టంగా తోచే దశ ఇదే. నేల మీద పడుకోబెట్టడం ఏమిటని పెద్దవాళ్లు బాధపడతారు. ఇది కొద్ది వారాల మాట మాత్రమేనని వారికి చెప్పండి.

రబ్బరు షీటు పరిచి దాని మీద ఒకే ఒక్క పొర పలచటి నూలు గుడ్డ వేయండి. గుడ్డ జారకుండా అంచులు షీటు కిందకు మడవండి. పీల్చుకునే గుణం తక్కువగా ఉండడం వల్ల, ఇక్కడ పోస్తే తడి కాళ్లకు, పొట్టకు తగులుతుంది. పరుపైతే అంతా లోపలికి పీల్చుకుని పైన పొడిగా ఉంచుతుంది కాబట్టి, పోసినందువల్ల కలిగే ఇబ్బంది పిల్లకు తెలిసేదే కాదు.

విస్తీర్ణం కూడా తగ్గించండి. పిల్ల నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత చోటు చాలు. అట్టపెట్టె ఒక వైపు కోసి గానీ, బోనులో అడ్డం పెట్టి గానీ ఈ కొలత సాధించవచ్చు.

అయితే బోను తలుపు మూయకండి. మామూలు పిల్లలకు మూసిన బోను ఆపుకోవడం నేర్పుతుంది. పడక తడిపే అలవాటున్న పిల్లకు అది తడిలోనే కూర్చోవడం నేర్పుతుంది, మిగిలి ఉన్న కాస్త శుభ్రత గుణాన్ని కూడా చంపేస్తుంది. వరసగా రెండు వారాలు పొడిగా గడిచాకే తలుపు సంగతి ఆలోచించండి.

చలికాలంలో, ముఖ్యంగా ధనుర్మాసపు తెల్లవారుజాముల్లో, చిన్నపిల్లను నేరుగా గచ్చు మీద ఉంచకండి. షీటు కింద చాపో, చెక్కపలకో వేయండి. ఏసీ గాలి నేరుగా తగిలే చోటు వద్దు.

7. మూత్రానికి చోటు నిర్ణయించండి

చోటు ఒక్కటే ఉండాలి, పడకకు దూరంగా ఉండాలి, కాలికి పడకలా తగలకూడదు. మట్టి, ఇసుక, గడ్డి మంచివి. వాకిలి ఉన్న ఇంట్లో గోడవారగా ఒక మూల చాలు. ముగ్గు వేసే చోటు, తులసికోట దరి మొదట్లోనే మినహాయించి, ఇంట్లో అందరూ ఒప్పుకున్న మూలనే ఎంచుకోండి. రెండు వారాల తర్వాత అత్తగారో అమ్మగారో అభ్యంతరం చెప్పారని చోటు మార్చడం కంటే పిల్లను గందరగోళపరిచేది లేదు.

అపార్ట్‌మెంట్‌లో అయితే బాల్కనీలో నీళ్లు పోయే తూము దగ్గర అంచు తక్కువగా ఉన్న పెద్ద ట్రే పెట్టి అందులో మట్టి గానీ, పచ్చిక దిమ్మ గానీ వేయండి. గుడ్డలాంటి ప్యాడ్లు ఈ పిల్లకు వద్దే వద్దు. పేపరు వాటికంటే నయం కాని, పేపరు మీద నేర్చిన పిల్లకు ఉదయం మీరు సగం చదివి సోఫా పక్కన పెట్టిన పేపరూ ఒకటే.

టీకాలు పూర్తయ్యేదాకా, అంటే సుమారు 16 వారాల వయసు వరకు, వీధికుక్కలు తిరిగే మట్టిలోకి, పార్కుల్లోకి తీసుకెళ్లకండి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది.

పడక తుడిచిన తడిగుడ్డను ఒకసారి ఆ మట్టి మీద అద్దండి. అక్కడ ఉండవలసిన వాసన అదొక్కటే. దారిలో నున్నటి టైల్స్ ఉంటే జారకుండా గోనెపట్టానో, రబ్బరు చాపనో వేయండి.

8. పగటి క్రమం

పిల్ల అడిగేదాకా ఆగకండి, దానికి ఇంకా అడగడం రాదు. కింది వేళల్లో మీరే తీసుకెళ్లండి:

- నిద్ర లేవగానే, అది పది నిమిషాల కునుకైనా సరే
- తిన్న 5 నుంచి 30 నిమిషాల లోపు
- ఎక్కువ నీళ్లు తాగాక
- ఆట మధ్యలో, ఆట అయ్యాక
- ఎవరైనా ఇంటికి వచ్చి హడావిడి తగ్గాక
- పడుకోబెట్టబోయే ముందు

ఇవి కాక, 3 నెలల లోపు పిల్ల మెలకువగా ఉన్నంతసేపూ ముప్పావు గంటకు ఒకసారి. నెలల వయసుకు ఒకటి కలిపితే వచ్చేన్ని గంటలు ఆపుకోగలదన్న లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. అది నిశ్చలంగా పడుకున్న ఆరోగ్యకరమైన పిల్లకు గరిష్ఠ పరిమితి. ఆడుతున్న పిల్లకు అందులో నాలుగో వంతు కూడా ఆపుకోవడం కష్టమే.

నిద్ర లేచిన పిల్లను నడిపించకుండా ఎత్తుకుని తీసుకెళ్లండి, నడిస్తే దారిలోనే పోస్తుంది. చోటుకు చేరాక దించి, తాడు పట్టుకుని, చెట్టులా నిలబడండి. ఆడించకండి, ఫోను చూడకండి. పోయడం మొదలైనప్పుడు ‘సుస్సు’ అనో, ఇంట్లో అందరూ వాడే మరో మాటో ఒకసారి మెల్లగా అనండి. పూర్తయిన క్షణంలో, అక్కడే, బహుమతి పెట్టండి. లోపలికి వచ్చాక డబ్బా తీసి పెడితే, లోపలికి రావడానికి పెట్టారని దానికి అర్థమవుతుంది.

ఒక్కసారి పోయగానే తిరిగి రాకండి. కుక్కపిల్లలు చాలావరకు మొదటిసారి సగమే పోస్తాయి, చుట్టూ నాలుగడుగులు వేసి వాసన చూసి రెండోసారి మిగతాది పోస్తాయి. బయట పోసి వచ్చిన పావుగంటకే పడక తడిపిందని చెప్పేవారి ఇళ్లలో చాలాసార్లు కారణం ఈ తొందరే. మరో మూడు నిమిషాలు ఆగండి.

ఐదు నిమిషాలైనా పోయకపోతే లోపలికి తెచ్చి ఒళ్లోనో, తాడుతో మీ నడుముకు కట్టుకునో పది నిమిషాలు ఉంచి మళ్లీ తీసుకెళ్లండి. ఈ మధ్యలో పడక దగ్గరకు వెళ్లనివ్వకండి. నిండిన మూత్రాశయంతో పడక ఎక్కకుండా చూడడమే ఈ శిక్షణలో అన్నిటికంటే ముఖ్యమైన కాపలా.

ఆట హఠాత్తుగా ఆపి పక్కకు వెళ్లడం, ముక్కు నేలకు ఆనించి తిరగడం, పడకను ముందు కాళ్లతో గోకడం, తలుపు వైపు చూసి మళ్లీ మిమ్మల్ని చూడడం ముందస్తు సూచనలు. పోయడం మొదలైనాక చూస్తే కేకలు వేయకుండా వెంటనే ఎత్తుకుని చోటుకు చేర్చండి. అక్కడ మిగతా చుక్కలు పోసినా మెచ్చుకోండి.

ప్రతిసారీ నోటుపుస్తకంలో రాయండి, లేదా ఇంటివారి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. నమూనా ఇలా ఉంటుంది:

ఉదయం 5:40 – లేచింది, వాకిట్లో పోసింది (రెండుసార్లు)
6:30 – అన్నం
6:50 – వాకిట్లో రెండూ అయ్యాయి
8:10 – కునుకు
8:50 – లేచింది. తీసుకెళ్లేలోపు పడక తడి

ఇలాంటివి నాలుగు రోజులు రాస్తే తడిసిన వేళలు ఒకే తీరున కనిపిస్తాయి. పై ఉదాహరణలో పిల్లను 8:40కే చూడవలసి ఉంది. అంటే మరునాడు కునుకు మొదలైన అరగంటకు పక్కనే ఉండాలి.

9. రాత్రి

పడక తడవడం ఎక్కువగా రాత్రిళ్లే. పిల్లను వరండాలోనో, వంటింట్లోనో వదలకుండా మీ మంచం పక్కనే పడుకోబెట్టండి. కదలిక, కుయ్‌మన్న శబ్దం మీకు వినపడాలి.

మొదటి రెండు రాత్రులు ఏ సమయానికి తడుస్తోందో గమనించండి. 3 గంటలకు తడుస్తుంటే 2:30కు అలారం పెట్టి, పిల్ల ఇంకా నిద్రలో ఉండగానే ఎత్తుకుని తీసుకెళ్లండి. చిన్న దీపం చాలు, మాటలు వద్దు, ఆట అసలే వద్దు. పోశాక మెల్లగా మెచ్చుకుని, చిన్న ముక్క ఇచ్చి, తిరిగి పడుకోబెట్టండి.

వరసగా నాలుగు రాత్రులు పొడిగా ఉంటే అలారాన్ని 15 నిమిషాలు ముందుకు, అంటే తెల్లవారు వైపుకు, జరపండి. తడిస్తే 30 నిమిషాలు వెనక్కి తీసుకురండి. ఇలా జరుపుతూ పోతే అలారం చివరకు తెల్లవారుజామున మీరు లేచే వేళను కలుస్తుంది. 2 నెలల పిల్లకైతే మొదట్లో రాత్రికి రెండు అలారాలు తప్పవు. ఈ పని భార్యాభర్తలు వంతులు వేసుకుని చేయడం మంచిది, ఒక్కరి మీద పడితే వారానికే విసుగు వస్తుంది.

తడిసిపోయిన రాత్రి గుడ్డ వెంటనే మార్చండి, పిల్ల పొట్ట, తొడలు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. తెల్లారాక చూద్దాంలే అని వదిలేస్తే పిల్లకు తడి మళ్లీ మామూలైపోతుంది, చర్మం పాచి దద్దుర్లు కూడా వస్తాయి.

10. తిండి, నీళ్లు

నీళ్లు ఆపడం చాలామంది చేసే మొదటి పని, అది తప్పు. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు పడుకునే గంటన్నర ముందు గిన్నె తీయవచ్చు. ఎండాకాలంలో, విరేచనాలున్నప్పుడు, మూత్ర సమస్యకు మందులు వాడుతున్నప్పుడు అదీ చేయకండి.

మార్చవలసింది రాత్రి తిండి. పాలు, పలచటి పెరుగన్నం, చారుతో కలిపిన అన్నం తిన్న పిల్ల కడుపులోకి వెళ్లేది ఎక్కువ భాగం నీళ్లే. సాంబారు, పచ్చడి తగిలిన మిగులు అన్నంలోని ఉప్పు దాహం పెంచుతుంది. రాత్రి తిండి పడుకునే మూడు గంటల ముందే, రోజూ ఒకే వేళకు పెట్టండి. గిన్నె నిండా పోసి రోజంతా వదిలేస్తే మూత్రం వేళలూ అదుపులో ఉండవు.

11. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

మూతిని తడిలో రుద్దడం, పేపరు చుట్టి కొట్టడం. పిల్లకు అర్థమయ్యేది మూత్రం తప్పని కాదు, మీ ముందు పోయడం ప్రమాదమని. తర్వాత బయట మీరు పక్కనుంటే పోయదు, లోపలికి వచ్చి మంచం కింద పోస్తుంది. ఇప్పటికే ఇలా జరిగి ఉంటే పొడవైన తాడు కట్టి, పక్కకు తిరిగి నిలబడి, దానికి ఏకాంతం ఇవ్వండి.

తప్పు చేసినట్లు చూస్తోంది కాబట్టి దానికి తెలుసనుకోవడం. చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి చూసేది మీ గొంతుకు, ముఖానికి భయపడే. గంట కిందటి తడికీ మీ కోపానికీ అది లంకె వేయలేదు.

మీరు వంగి ముద్దుచేయగానే పడక మీద వెల్లకిలా పడి పోయడం. ఇది లొంగుబాటుతోనో, సంబరంతోనో పోసేది, శిక్షణ లోపం కాదు. ఇంటికి రాగానే పలకరించకుండా ఐదు నిమిషాలు ఆగి, పక్కకు తిరిగి కూర్చుని, దాన్నే దగ్గరకు రానివ్వండి. తల మీద కాకుండా ఛాతీ దగ్గర నిమరండి. చాలా పిల్లల్లో వయసుతో పోతుంది.

వాన పడుతుంటే బయట కాలు పెట్టదు. రేకు కింద గానీ, సజ్జా కింద గానీ మట్టి ట్రే పెట్టండి. వాన వెలిసేదాకా ఆగుదామనుకుంటే పడక తడుస్తుంది.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. ఒకరు బాల్కనీకి, మరొకరు మెట్ల కిందకు, పనిమనిషి బాత్రూమ్‌కు తీసుకెళితే పిల్ల దేన్నీ నేర్చుకోదు. చోటు, మాట, వేళలు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

డైపర్. ప్రయాణానికి సరే. శిక్షణ కాలంలో వద్దు, ఒంటి మీదే పోసుకోవడం అలవాటవుతుంది.

12. పడక తిరిగి ఇవ్వడం

రాత్రి అలారం లేకుండా, పగలు కాపలా తగ్గించి, వరసగా రెండు వారాలు పొడిగా ఉంటే మొదలుపెట్టవచ్చు. ఒకేసారి దళసరి పరుపు వేయకండి. మొదటి వారం గుడ్డ రెండు పొరలు, రెండో వారం నాలుగు మడతల దుప్పటి, ఆ తర్వాత ఉతకడానికి వీలైన పలచటి బొంత. ఏ దశలో తడిసినా ఒక దశ వెనక్కి వెళ్లి మరో వారం ఆగండి. పాత పరుపు రంగు, గుడ్డ, ఆకారం ఉన్నది మళ్లీ కొనకండి. తొడుగు తీసి ఉతికే వీలుండి, లోపల నీరు చొరని పొర ఉన్నదే తీసుకోండి.

కొత్త పడక మీదే రోజుకొకసారి నాలుగు మెతుకుల తిండి పెట్టండి. తినే చోట మూత్రం పోయడానికి కుక్కలు సాధారణంగా ఇష్టపడవు.

మూత్రాశయం మీద పట్టు చాలా పిల్లలకు 4 నుంచి 6 నెలల మధ్య కుదురుతుంది. పొమెరేనియన్, షిట్జూ వంటి చిన్న జాతులకు ఇంకాస్త ఆలస్యం కావచ్చు. బోనులో పెరిగి వచ్చిన పిల్లకు మిగతావాటికంటే వారాలు ఎక్కువే పడతాయి.

13. మానిన తర్వాత మళ్లీ మొదలైతే

మొదట రెండో అంశంలోని లక్షణాలు మరోసారి సరిచూడండి. అవి లేకపోతే ఇటీవల ఏం మారిందో చూడండి. ఇల్లు మారడం, చుట్టాలతో ఇల్లు నిండడం, పడక చోటు మార్చడం చాలు. దీపావళి టపాసుల రాత్రి భయంతో తడిపితే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆ సాయంత్రం చీకటి పడకముందే బయటకు తీసుకెళ్లి, తర్వాత కిటికీలు మూసిన లోపలి గదిలో మట్టి ట్రేతో సహా ఉంచండి.

6 నెలలు దాటిన మగపిల్ల కాలెత్తి పడక అంచున కొద్దిగా చల్లితే అది తన చోటని వాసనతో గుర్తు వేసుకోవడం. ఆడపిల్ల మొదటిసారి ఎదకు వచ్చినప్పుడు కూడా తరచుగా పోస్తుంది. గర్భసంచి తీసే ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో, సంవత్సరాలకో నిద్రలో కారడం మొదలైతే దానికి మందులున్నాయి, వైద్యుడికి చెప్పండి.

కారణం ఏదైనా, పరుపు తీసి ఒక్క పొర గుడ్డకు, ముప్పావు గంట వేళలకు, ఒక్క అలారానికి తిరిగి వెళ్లండి. ఒకసారి నేర్చిన పిల్లకు ఈ రెండో విడత సాధారణంగా వారం పది రోజుల్లో ముగుస్తుంది. అంతకు మించితే నోటుపుస్తకం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి, వైద్యుడు అడిగే సగం ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉంటాయి.